ఆఖరి వారం చేతిరాత

పక్కింటి ఖతీజా ఆపా మా తలుపు ఎప్పుడూ తట్టదు. కుట్టుమిషను ముందు నుంచే కిటికీలోకి కేక వేస్తుంది. ఆ మంగళవారం మాత్రం వచ్చి తలుపు గుద్దింది.

"రాణమ్మా, జల్దీ తియ్! నా నోట్ల మిఠాయి పెట్టు ముందు, తర్వాత చెప్త."

నేను బోడకాకరకాయలు తరుగుతున్నాను. వానాకాలంలో నెల రోజులే దొరికే కాయలు, మావారికి ప్రాణం. మిఠాయి లేదని బెల్లం ముక్క పెట్టాను.

"సుబ్బరత్నమ్మకు ఆఖరి వారం దొరకలే!" అంది ఆపా, బెల్లం బుగ్గన పెట్టుకుని.

చేతిలో కాయ జారిపోయింది. "నిజంగానా?"

"అవ్. వాగు పొంగి మూడు దినాలు బస్సు బందాయె గద. పత్రికల కట్ట మొత్తం తడిసి ముద్దయిందట. సత్తుపల్లికి మనిషిని తోలింది, లేదన్నరు. కొత్తగూడెం తోలింది, ఆడ గుడ అయిపోయినయట. మొన్నటి కాన్నుంచి ఆమెకు బువ్వ పోతలేదు."

నేను ఆపా నడుం పట్టుకుని గిర్రున ఒక చుట్టు తిప్పాను. పెళ్ళయిన ఆర్నెల్లలో ఇంత మంచి కబురు నేను వినలేదు. ఎందుకంటే ఆ సీరియల్ ఆఖరి వారం నా సూట్‌కేసులో, పెళ్ళిచీర మడతల్లో ఉంది.

పోయిన నెల ఆషాఢమాసం కదా, కొత్తకోడలినని నన్ను పుట్టింటికి పంపేశారు. మా పుట్టిల్లు బోనకల్. అక్కడ వాగులూ లేవు, బస్సులతో పనీ లేదు. పత్రిక రైల్లో వస్తుంది. స్టేషనులో కట్ట విప్పుతుండగానే మొదటి కాపీ నేను లాక్కున్నాను. శ్రావణం వచ్చి, మేముండే దమ్మపేటకి దారి తెరుచుకోగానే అది పట్టుకుని మావారి దగ్గరికి వచ్చి వాలాను. నా దగ్గర అది ఉన్నట్టు మావారికి తప్ప ఎవరికీ తెలియదు.

సుబ్బరత్నం గారి సంగతి చెప్పాలి. వాళ్ళది కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న కుటుంబం. ఆవిడ వసారాలో ఒక పచ్చరంగు ట్రంకుపెట్టె ఉంది. దాన్నిండా నవలలు. కొన్నవి కావు. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, వారం వారం దాచి, అయిపోయాక దబ్బనంతో కుట్టి, అట్ట వేసినవి. ఊళ్ళో పదిహేను ఇరవైమంది ఆడవాళ్ళు తలా ఒక పత్రిక తెప్పిస్తారు, పేజీలు పెట్టెకి ఇస్తారు. పెట్టెలోకి రావడానికి నియమాలున్నాయి. కథలో ప్రేమ ఉండాలి. ప్రేమించేవాడు మనిషి కాకూడదు. యక్షుడో, నాగుడో, చచ్చి తిరిగొచ్చినవాడో కావాలి. "ఉత్త మొగుడూ పెళ్ళాల కథలు మన ఇళ్ళల్లో ఉన్నాయిగా, వాటికి పెట్టె ఎందుకు?" అంటుంది సుబ్బరత్నం గారు. కథ అయిపోయేసరికి కనీసం ముగ్గురు కొంగుతో కళ్ళు తుడుచుకోవాలి. తుడుచుకున్నది నిజమో కాదో ఆవిడే దగ్గరికొచ్చి చూస్తుంది. కొంగు పొడిగా ఉంటే లెక్కలోకి రాదు.

మరో నియమం, ఆఖరి వారం ఎవరూ ముందుగా చదవకూడదు. అందరూ వసారాలో కూర్చోవాలి. సుబ్బరత్నం గారు బొటనవేలు నాలిక్కి అద్దుకుని పేజీలు తిప్పుతూ పైకి చదువుతుంది. ఇంకెవరినీ చదవనివ్వదు.

ఏదైనా వారం తప్పిపోతే, అది ఉన్న మనిషి తన పత్రిక చింపి ఇవ్వక్కర్లేదు. తెల్లకాగితాల మీద చేత్తో ఎక్కించి ఇస్తే దాన్నే మధ్యలో పెట్టి కుడతారు. పెట్టెలో అలాంటి పుస్తకాలు బోలెడు. అచ్చు, అచ్చు, ఉన్నట్టుండి ఎవరిదో వంకరటింకర రాత, మళ్ళీ అచ్చు. ఎన్నో ఏళ్ళుగా ఎంతోమంది రాశారు. ఒక్కరూ ఒక్క మాట మార్చలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

నేను కాపురానికి వచ్చిన వారానికే నా పుస్తకం ఒకటి ఆవిడకి ఇచ్చాను. పేరు 'నీలికొండ గంధర్వుడు'. ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నేనే కుట్టుకున్నది. పెట్టెలో నా పుస్తకం కూడా చేరుతుందని ఎంత మురిసిపోయానో! ఆ మురిపెంలో, మార్జిన్‌లో నేను పెన్సిల్‌తో రాసుకున్న మాటలున్నాయని మర్చిపోయాను.

శ్రీరామనవమికి పేరంటాళ్ళందరూ ఉండగా సుబ్బరత్నం గారు ఆ పుస్తకం తెరిచి, కథ వదిలేసి, మార్జిన్ చదివింది.

"'దేవుడా, ఆరడుగులవాణ్ణి ఇవ్వు. ఒక్క అంగుళం తగ్గినా ఒప్పుకోను. గొంతు గుడిగంటలా ఉండాలి. గుర్రం మీద రావాలి.' విన్నారర్రా? బి.ఏ. రెండో సంవత్సరం మొక్కు! మరి మన రామారావు సైకిలు మీద వస్తాడు, సీటు కిందికి దించుకుని. దేవుడికి లెక్కలు సరిగ్గా రావనుకుంటా!"

అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడవాలి మరి. పుస్తకం పెట్టెలోకి వెళ్ళలేదు. మావారికి మాత్రం ఆ రోజునుంచి ఊళ్ళో పేరు మారిపోయింది.

మావారి పేరు వెంకటరామారావు. వ్యవసాయశాఖలో ఉద్యోగం. పొలం పొలం తిరిగి ఏ పురుగుకి ఏ మందో చెబుతారు, సంత రోజు మైకు పెట్టి విత్తనాలు పంచుతారు. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. పెళ్ళిచూపుల్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న "మీకు ఏ కూరంటే ఇష్టం?" అని. నాకు అప్పుడే గుర్రాలూ గుడిగంటలూ అన్నీ ఎగిరిపోయాయి. రోజూ సాయంత్రం సైకిలు హ్యాండిల్‌కి ఏదో ఒకటి కట్టుకొస్తారు. ఓ రోజు మొగలిరేకు, ఓ రోజు అడవి పుట్టగొడుగులు, ఓ రోజు ఏమీ దొరక్కపోతే గట్టు మీద పూసిన పచ్చగడ్డి పువ్వు. ఆ సైకిలు బెల్లు వినబడితే నాకు ఇప్పటికీ కాళ్ళు నేలమీద ఆనవు.

ఆయన్ని ఊరు ఊరంతా "గంధర్వం సారు" అనడం మొదలుపెట్టింది. మొదట ఆడవాళ్ళు, తర్వాత వాళ్ళ మగవాళ్ళు, తర్వాత ఆఫీసులో బంట్రోతు. తనిఖీకి వచ్చిన పైఅధికారి కూడా, "గంధర్వుడెవరయ్యా ఇక్కడ?" అని అడిగాడట.

"పేరే కదా రాణీ, వదిలెయ్," అన్నారు మావారు.

నేను వదిలేద్దామనే అనుకున్నాను. కానీ ఆషాఢం తర్వాత తిరిగొచ్చేసరికి గుమ్మంలో కొత్త చెప్పులు కనబడ్డాయి. ఖమ్మం వెళ్ళి కొనుక్కున్నారు. మడమ రెండంగుళాలుంది. వాటితోనే వరిపొలాల్లోకి వెళుతున్నారు. పొద్దున్నే వాటికి అంటిన బురద పుల్లతో గీకుతూ, దీనికి సుబ్బరత్నం గారు బదులు చెప్పాలనుకున్నాను.

అందుకే ఖతీజా ఆపా తెచ్చిన కబురు నాకు అంత తీపిగా తగిలింది.

బుధవారం పొద్దున్నే సుబ్బరత్నం గారే పిలిపించింది. పెట్టె పక్కన కూర్చుని ఉంది, మొహం పీక్కుపోయింది.

"ఏమ్మా ప్రమీలారాణీ, బోనకల్‌లో మీవాళ్ళు పత్రిక తెప్పిస్తారుటగా? 'ఏడో పున్నమి వరుడు' ఆఖరి వారం..."

"నా దగ్గరే ఉంది పిన్నిగారూ," అన్నాను వీలైనంత నెమ్మదిగా.

ఆవిడ నా రెండు చేతులూ పట్టేసుకుంది. "చదివేశావా? చెప్పకు! చెప్పావంటే చంపేస్తాను. చేత్తో ఎక్కించి ఇస్తావుగా తల్లీ? నీ రాత ముత్యాలేనని మీ ఆయన రాయించిన నోటీసుల్లో చూశాను. శుక్రవారం అందర్నీ పిలుస్తాను."

"రాసిస్తాను," అన్నాను. ఆవిడ ముక్కుకి రెండువైపులా ఉన్న పుడకలు, నడుము దగ్గర దోపుకున్న వెండి పొడుం డబ్బీ, తడిసిన బొటనవేలు, అన్నీ ఒకసారి తీరిగ్గా చూసుకుని వచ్చాను. రాయడానికి పనికొస్తాయి.

ఆ సీరియల్ నలభై వారాలు. మంజరి అనే అమ్మాయి. ప్రతి పున్నమికీ ఏటిలోంచి పెళ్ళికొడుకు వేషంలో ఒకడు లేచి వస్తాడు. అతను నాగుడా, యక్షుడా, ఏట్లో మునిగి చచ్చిపోయిన మేనబావా? నలభై వారాలుగా ఇక్కడి ఆడవాళ్ళు దీనిమీద తగవులాడుకుంటున్నారు. ఆఖరి వారంలో అది తేలుతుంది. నేను దాన్ని పదకొండుసార్లు చదివాను. అంత అందమైన ముగింపు నేనెక్కడా చదవలేదు.

దాన్లో ఒక్క ముక్క కూడా కాగితం మీద పెట్టలేదు.

రెండు మధ్యాహ్నాలు కూర్చుని నా సొంత ఆఖరి వారం రాశాను. నా జీవితంలో అంత హాయిగా ఏ పనీ చేయలేదు. మధ్యమధ్య లేచి టీ పెట్టుకున్నాను, ఒక్కదాన్నే పకపకా నవ్వుకున్నాను. మావారు వచ్చి, "ఏం రాస్తున్నావు?" అంటే, "సీరియల్ ఎక్కిస్తున్నాను," అని కాగితాల మీద అరచేయి పెట్టాను. పెళ్ళయ్యాక ఆయనకి చెప్పిన మొదటి అబద్ధం అదే.

శుక్రవారం మధ్యాహ్నం సన్నటి జల్లు. వసారా నిండిపోయింది. గడప దగ్గర పూలి కూర్చుంది. తండా నుంచి కట్టెలమోపు తెచ్చి అమ్మే మనిషి. చదువు రాదు. కానీ నలభై వారాల్లో ఏ వారం ఏం జరిగిందో ఎవరికైనా సందేహం వస్తే ఆమెనే అడుగుతారు.

సుబ్బరత్నం గారు గొంతు సవరించుకుంది. బొటనవేలు తడి చేసుకుంది. మొదటి పేజీ అసలు రచయిత వరసలోనే సాగింది. మంజరి ఏటిగట్టుకి పరిగెత్తుతోంది. "'ఆమె చేతుల ఎర్రగాజులు గలగలమన్నాయి...'" ఆవిడ గొంతు వణికిస్తూ చదువుతుంటే ఖతీజా ఆపా అప్పుడే కొంగు పట్టుకుంది.

రెండో పేజీలో దారికి అడ్డంగా రాక్షసి వచ్చింది.

"'దానికి ముక్కుకి రెండు పక్కలా పుడకలు. నడుములో వెండి పొడుం డబ్బీ. లోకంలో ఎవరు ఏ రహస్యం రాసుకున్నా, బొటనవేలు... నాలిక్కి... అద్దుకుని...'"

ఆవిడ బొటనవేలు పెదవి దగ్గరే ఆగిపోయింది. వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో "ష్" అన్నారు.

"చదువు పిన్నీ, ఆపకు," అంది వెనకనుంచి ఒకావిడ.

ఆవిడ నాకేసి చూడలేదు. చదివింది. చదవక ఏం చేస్తుంది? ఇరవైమంది ముగింపు కోసం మెడలు చాచి ఉన్నారు. ఆ చదివే గౌరవం ఎవరికీ ఇవ్వనని తనే నియమం పెట్టింది. ఒక్కో మాటా ముల్లులా మింగుతూ చదివింది. రాక్షసి ఓ కన్నెపిల్ల రాసుకున్న మొక్కుని నలుగురిలో చదివి నవ్విందని చదివింది. ఏ పాపమూ ఎరగని ఓ మంచివాడికి పేరుపెట్టి ఊరంతా నవ్వించిందని చదివింది. నేను చీర కుచ్చిళ్ళు పిడికిట్లో బిగించి పట్టుకుని ఒక్కో వాక్యాన్నీ వేడివేడి గారెలా ఆస్వాదించాను.

"'అప్పుడు ఏటిలోంచి వరుడు లేచి శపించాడు. ఓసీ, పుస్తకాల పెట్టె మీద బల్లివై పడి ఉండు! నువ్వు ఎవరికి పేరుపెట్టి నవ్వావో, అతణ్ణి ఊరందరి ముందూ అసలు పేరుతో పిలిచేదాకా నీకు విముక్తి లేదు...'"

కాగితాలు ఒళ్ళో పడ్డాయి. నేను గెలిచాననుకున్నాను.

"ఆగుండ్రి," అంది పూలి. "గాజులు యాడియి?"

అందరూ ఆమెకేసి తిరిగారు.

"మంజరికి ఎర్రగాజులు యాడియి? పంతొమ్మిదో వారంల మొత్తం తీసి ఏట్ల ఏసింది. నువ్వొచ్చి తొడిగేదాక ఎయ్యనని ఒట్టు వెట్టింది. గప్పుడే మరిసిపోతడా రాసినాయన? గీ కత గాయన రాసింది గాదు."

పదకొండుసార్లు చదివిన ఆఖరి వారంలో ఆ గాజులు తొడిగే ఘట్టమే ప్రాణం. సుబ్బరత్నం గారి ముక్కుపుడకల మీద ధ్యాసలో పడి నేను దాన్నే మర్చిపోయాను.

సుబ్బరత్నం గారు మెల్లగా తలెత్తింది. "రాసింది నువ్వేనా?"

"నేనే."

"రాక్షసిని కూడా?"

"రాక్షసిని కూడా. అది మిమ్మల్ని చూసి రాశాను."

వసారా గగ్గోలెత్తింది. కానీ ముందు మండిపడింది సుబ్బరత్నం గారు కాదు, పూలి.

"ఆమెకు నీకు కొట్లాట ఉంటె ఆమెతో కొట్లాడు బిడ్డా. మేమేం జేసినం? నాకు సదువు రాదు. మీరు సదివిందే నాకు నిజం. నువ్వు రాత మారిస్తె నేనేడికి వోయి సూసుకోవాలె?"

ఆమె అన్నది నిజం. చేత్తో రాసిచ్చే వారాన్ని ఎవరూ ఎన్నడూ మార్చలేదు. ఆ నమ్మకం మీదే ఆ పెట్టె నిండింది. తల దించుకున్నాను. కానీ దించుకున్న తలతోనే చెప్పాను.

"నీకు తప్పు చేశాను పూలీ. క్షమించు. పిన్నిగారిని మాత్రం క్షమాపణ అడగను."

"సరదాకి అన్న మాటకి ఇంత కక్షా?" అంది సుబ్బరత్నం గారు.

"మీకు సరదా. మావారు ఖమ్మం వెళ్ళి రెండంగుళాల మడమ చెప్పులు కొనుక్కున్నారు పిన్నిగారూ. వాటితో నాట్లు వేసే పొలాల్లోకి దిగుతున్నారు. మొన్న గట్టుమీద జారి పడి మోచెయ్యి కొట్టుకుపోయింది. ఇంటికొచ్చి కుక్క తరిమిందన్నారు."

ఎవరూ నవ్వలేదు. ఖతీజా ఆపా నా భుజం మీద చెయ్యి వేసింది.

పూలి నెమ్మదించి అంది, "మా తండల గుడ గంధర్వం సారనే అంటరు. పత్తికి పురుగు వడితె గట్లనే పిలుసుకొస్తరు. సారు అసలు పేరేందో నాకు ఇయ్యాల్టిదాక ఎర్కలే."

ఆ మాట నేను రాసిన శాపాలన్నిటికంటే గట్టిగా తగిలినట్టుంది సుబ్బరత్నం గారికి. పొడుం డబ్బీ తీసింది, మూత తెరవకుండానే మళ్ళీ దోపుకుంది.

"అసలు వారం ఎక్కడుంది?"

"మా ఇంట్లో ఉంది."

"ఏం కావాలి నీకు?"

"మీరు చదివారుగా. ఊరందరి ముందూ, అసలు పేరుతో."

"నేను పిలవనంటే?"

"మా పొయ్యి రేపు పొద్దున్నే వెలిగిస్తాను. కట్టెలు తడిసి ఉన్నాయి, అంటుకోవడానికి కాగితం కావాలి." నేను ఉత్తినే అనలేదు. పదకొండుసార్లు చదివాను, నాకు కంఠతా వచ్చు.

అంతే, వసారా అంతా ఆవిడ మీదికి తిరిగింది. "ఒప్పుకో పిన్నీ!" "మీ నోటికి వచ్చిందేగా అత్తా ఇదంతా, మీ నోటితోనే పోనీ!" "నలభై వారాలు ఆగినం సుబ్బరత్నమ్మా, అల్లా మీద ఒట్టు, నేనింక ఆగలేను," అని ఖతీజా ఆపా. ఇన్నేళ్ళూ వాళ్ళని ఆవిడే కూర్చోబెట్టింది, ఆవిడే ఏడిపించింది, కొంగులు తడిమి చూసింది. ఇప్పుడు అందరూ కలిసి ఆవిడ మొహంలోకి వంగి చూస్తున్నారు. నాకు ఆ క్షణం ఎంత తృప్తిగా ఉందంటే, పొట్ట నిండా బువ్వ తిన్నట్టుంది.

సుబ్బరత్నం గారు లేచింది. చీర దులుపుకుంది. నా రాతకాగితాలు నాలుగు మడతలు పెట్టి, చించుతుందనుకున్నాను కానీ, రొండిన దోపుకుంది.

"రాక్షసి బాగానే కుదిరింది," అంది నా వంక చూడకుండా. "పొడుం డబ్బీ వెండిది కాదు, జర్మన్ సిల్వరు. గంగయ్యా!"

పెరట్లోంచి పాలేరు గంగయ్య పరిగెత్తుకొచ్చాడు.

"రేపు సంత. పొద్దున తొమ్మిదింటికల్లా బండి కట్టు, పైన గుడారం వెయ్యి. వీళ్ళందరూ నాతో వస్తారు." మళ్ళీ నా వైపు తిరిగింది. "పదింటికి మీ ఆయన విత్తనాల దగ్గర మైకు పెడతాడుగా? ముందు నేను పట్టుకుంటాను. ఇంటిపేరేమిటి?"

"యలమర్తి."

"యలమర్తి వెంకటరామారావు గారు. మూడుసార్లు పిలుస్తాను, తండాలవాళ్ళందరికీ వినబడేలాగా. ఎందుకు పిలిచానో కూడా చెబుతాను. పూలీ, నువ్వు కట్టెలు దించి ముందు వరసలో నిలబడు, పేరు సరిగ్గా పలికానో లేదో చూడు. నువ్వు మాత్రం," అని నాకేసి వేలు చూపించింది, "అచ్చు పత్రిక పట్టుకుని రావాలి, చేతిరాత కాదు. మూడోసారి పిలవగానే అది పూలి చేతికివ్వాలి. పూలి నాకిస్తుంది. అక్కడే, బండిలో కూర్చుని ఆఖరి వారం చదువుతాను."